ఎన్నికల యేటి ప్రభుత్వము



2024వ సంవత్సరము మార్చి 8వ తేదీన, మహిళా దినోత్సవము నాడు, వంటగ్యాసు సిలిండరు ధరను నూరు రూపాయలు తగ్గించుచున్నట్లు ప్రధానమంత్రి ప్రకటించెను. 11వ తేదీన, నాలుగేండ్లకు పూర్వమే పార్లమెంటు ఆమోదించియున్న పౌరసత్వ సవరణ చట్టమునకు నియమావళి వెలువడినది. 14వ తేదీన ఎన్నికల సంఘమునందు ఖాళీగానున్న రెండు కమిషనరు పదవులు భర్తీయైనవి. ఆ రాత్రియే పెట్రోలు, డీజిలు ధరలు లీటరుకు రెండు రూపాయల వంతున తగ్గినట్లు వార్త వచ్చి, మరునాటి ఉదయము నుండి అమలులోనికి వచ్చినవి. 16వ తేదీ మధ్యాహ్నమున ఎన్నికల సంఘము లోక్‌సభ ఎన్నికల తేదీలను చదివి వినిపించెను. ఆ క్షణము నుండి క్రొత్త వరములను ప్రకటించుటకు మంత్రులకు అధికారము లేకపోయినది.

ఈ తొమ్మిది దినముల వరుసను చూచినవారు రెండు విధములుగ మాటలాడుదురు. అయిదేండ్ల అధికారము నిచ్చినది ప్రజలే గనుక, కడపటి దినము వరకును పాలించుట ప్రభుత్వమునకు హక్కు మాత్రమే గాక విధి కూడనని కొందరందురు. ఓట్లను ఆశించి చేసినవే గాని ఆ నిర్ణయములకు వేరొక ప్రయోజనము లేదని మరికొందరు తీర్పు చెప్పుదురు. మొదటి మాటలో న్యాయమున్నది, రెండవ మాటలో లోకానుభవమున్నది. అయినను ఎన్నికల యేట ప్రభుత్వము చేయు ఒక నిర్ణయము మంచిదో చెడ్డదో తేల్చుకొనుటకు ఈ రెండు మాటలును మనకు తోడ్పడజాలవు. ఓటరుకు మేలు చేయు ప్రతి పనియు దోషమే యైనచో ప్రజాస్వామ్యమే దోషమగును. అధికారమున్నంత మాత్రమున ప్రతి పనియు సాధువే యైనచో ఎన్నికల కొరకు ఇన్ని నియమములతో పనియే లేదు. ఈ నడుమనున్న ధర్మమును వెదకుటయే నేటి ప్రసంగోద్దేశము.

మొదట రాజ్యాంగము సంగతి చూతము. లోక్‌సభ తొలిసారి సమావేశమైన దినము నుండి అయిదు సంవత్సరములు కొనసాగునని 83వ అధికరణము చెప్పుచున్నది. నాలుగేండ్లు నిండిన పిమ్మట మంత్రివర్గము అధికారము సన్నగిల్లుననిగాని, అయిదవ యేట చేతులు ముడుచుకొని కూర్చుండవలెననిగాని ఎచ్చటను లేదు. అట్లు చెప్పకుండుటయు యుక్తమే. తుఫానులు పోలింగు తేదీని చూచుకొని రావు. సరిహద్దున శత్రువు మన ఓటర్ల జాబితా సిద్ధమగు వరకు వేచియుండడు. కావుననే రాజ్యాంగకర్తలు విడిచిపెట్టిన ఆ చోటును తరువాతి కాలమున రెండు సంప్రదాయములు ఆక్రమించుకొన్నవి: ఒకటి మధ్యంతర బడ్జెటు, రెండవది ఎన్నికల ప్రవర్తనా నియమావళి.

పార్లమెంటు అనుమతి లేక సంచిత నిధి నుండి ఒక రూపాయియైనను తీయరాదన్నది 114వ అధికరణము సారాంశము. ఆర్థిక సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఆరంభమగును గనుక, మార్చి 31వ తేదీలోగా సభ అనుమతి లభింపకున్నచో జీతములు మొదలుకొని సైన్యపు బత్తెముల వరకు సర్వమును నిలిచిపోవును. పూర్తి బడ్జెటుపై చర్చకు వ్యవధి లేనప్పుడు కొలది మాసముల వ్యయమునకు ముందుగ అనుమతి పొందుటకు 116వ అధికరణము వీలు కల్పించినది. పత్రికలు వాడు మధ్యంతర బడ్జెటు అను పేరు రాజ్యాంగమున లేనేలేదు. ఉన్నది అవసర ధర్మము మాత్రమే: ఇంటి దీపము ఆరకుండ చూచి, క్రొత్త పన్నులను, క్రొత్త పథకములను రాబోవు ప్రభుత్వమునకు విడిచిపెట్టుట. ఇది చట్టము గాదు, మర్యాద; మర్యాదను అతిక్రమించినవానికి శిక్ష లేదు.

శిక్ష లేనిచోట మర్యాద యెట్లు సాగునో చూడుడు. 2019 ఫిబ్రవరి 1వ తేదీన, అరుణ్ జైట్లీ చికిత్స పొందుచుండగా, ఆర్థికశాఖను నిర్వహించుచుండిన పీయూష్ గోయల్ సమర్పించిన మధ్యంతర బడ్జెటులో రెండు హెక్టార్ల లోపు భూమిగల రైతు కుటుంబమునకు సంవత్సరమునకు ఆరువేల రూపాయల సహాయమును ప్రకటించెను. అంతేగాక ఆ పథకము గడచిన డిసెంబరు 1వ తేదీ నుండియే వర్తించునని చెప్పుటచేత, మొదటి విడత రెండువేల రూపాయలు ఫిబ్రవరి 24వ తేదీననే రైతుల ఖాతాలలో పడసాగినవి. మార్చి 10వ తేదీన ఎన్నికల ప్రకటన వెలువడినది. అయిదు లక్షల వరకు ఆదాయము గలవారికి పన్ను రిబేటు సైతము ఆ బడ్జెటులోనిదే. 2024లో నిర్మలా సీతారామన్ సమర్పించిన మధ్యంతర బడ్జెటు పన్నుల జోలికి పోక, ద్రవ్యలోటును స్థూల దేశీయోత్పత్తిలో 5.1 శాతమునకు తగ్గించు లక్ష్యమును చెప్పి ఊరకుండెను. ఆ మేరకు మర్యాద నిలిచినదనవలెను. అయితే ఎనుబది కోట్లమందికి పైగా ఉచితముగ ఆహారధాన్యములిచ్చు పథకమును మరి అయిదేండ్లు పొడిగింతుమన్న మాట అంతకు మూడు మాసముల ముందే, ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ ఎన్నికల సభలో ప్రధాని నోట వెలువడినది. మంత్రివర్గపు ఆమోదము ఆ నెలాఖరున వచ్చినది. సభలో చర్చింపదగిన సంగతి సభాస్థలి మీద ముందుగ తేలుట ఒక పక్షమునకే పరిమితమైన అలవాటు గాదు. గ్యారంటీల పేరిట ప్రతిపక్షములు కర్ణాటకలోను, తెలంగాణలోను నడచినది ఆ త్రోవనే.

ఇక నియమావళి. 1960లో కేరళ శాసనసభ ఎన్నికల సందర్భమున ఊరేగింపులు, సభలు, నినాదములు ఎట్లుండవలెనో రాజకీయపక్షములన్నియు ఒక ఒడంబడికకు వచ్చినవి. దానిని మేలుబంతిగ గ్రహించి ఎన్నికల సంఘము 1962 లోక్‌సభ ఎన్నికలలో దేశమందలి పక్షములన్నింటికిని పంపెను. ఆనాటి ఆ పత్రము అభ్యర్థుల నోటికి పెట్టిన కళ్ళెము మాత్రమే. పాలకపక్షము చేతికి బంధనము వేసినది 1979లో చేర్చిన భాగము. మంత్రులు అధికార పర్యటనను ప్రచారముతో కలుపరాదు, ప్రభుత్వ ధనముతో ప్రకటనలు వేయింపరాదు, నిధులు మంజూరు చేయరాదు, శంకుస్థాపనలు చేయరాదు, రోడ్లు వేయింతుమని మాటయీయరాదు. ఇదివరకే నడచుచున్న పనులు ఆగనక్కరలేదు. విపత్తులలో సహాయమునకు సంఘము అనుమతి నిచ్చును. ఇంతటి పత్రమునకు శాసనబలము లేదు. 1990 డిసెంబరులో ప్రధాన ఎన్నికల కమిషనరుగ వచ్చిన టి.ఎన్. శేషన్ దీనికి గౌరవమును, భయమును కూడ సంపాదించిపెట్టెను. ఇది ఎన్నికల ప్రకటన నాటి నుండి వర్తించునా, గెజెటు నోటిఫికేషను నాటి నుండి వర్తించునా అను వివాదము చిరకాలము నడచి, 2001లో సుప్రీంకోర్టు ఎదుట కుదిరిన అవగాహనతో ప్రకటన నాటి నుండియే అని స్థిరపడినది.

అచ్చటనే చిక్కు కలదు. ఏ దినమున గీత గీయుదురో ఆ దినమునకు ముందటి వారము వరములకు పుణ్యకాలమగును. నేను మొదట చెప్పిన మార్చి నెల తొమ్మిది దినములు అట్టివే. గీతను ఒక మాసము వెనుకకు జరిపినచో తొందర కూడ ఒక మాసము వెనుకకు జరుగును. ఆరు మాసములు వెనుకకు జరిపినచో అయిదేండ్ల పాలనలో పదియవవంతు పాలన లేకయే గడచును. కావున కాలమును నిషేధించి స్వార్థమును నివారింపజూచుట ఎల్లకాలము పనిచేయు ఉపాయము గాదు.

దీనికి మన తెలుగునాటనే దృష్టాంతములు కావలసినన్ని గలవు. తెలంగాణ ప్రభుత్వము 2018 మే మాసమున ఎకరమునకు నాలుగువేల రూపాయల వంతున పంటపెట్టుబడి నిచ్చు రైతుబంధును ప్రారంభించి, సెప్టెంబరులో శాసనసభను రద్దు చేసి, డిసెంబరు ఎన్నికలలో 119 స్థానములకు 88 గెలిచెను. ఆ విజయమును చూచి రాజకీయవేత్తలు, ఖాతాలో పడిన రూపాయి పెట్టెలో ఓటై మొలచునని నిశ్చయించుకొన్నారు. ఆ నిశ్చయము మరుసటి యేడే తలక్రిందులైనది. 2019 ఎన్నికల ముంగిట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వృద్ధాప్య పింఛనును వేయి నుండి రెండువేలకు పెంచి, పసుపు-కుంకుమ పేరిట డ్వాక్రా మహిళలకు విడతలుగ పదివేల రూపాయల వంతున ఇచ్చినను, 175 స్థానములలో 23 మాత్రమే దక్కినవి. ఆ తరువాత వచ్చి, అయిదేండ్లు బటన్ నొక్కి ఇంటింటి ఖాతాకు ధనము చేర్చితినని చెప్పుకొన్న ప్రభుత్వమునకు 2024లో 11 స్థానములు మిగిలినవి. రైతుబంధును సృష్టించిన పక్షమే 2023లో 39 స్థానములకు దిగినది. ఆ యెన్నికలో పోలింగునకు మూడు దినములు ముందు, రైతుబంధు విడుదలకు తాను ఇచ్చిన అనుమతిని, ఒక మంత్రి ఆ సంగతిని ప్రచారమున వాడుకొనెనను కారణమున, ఎన్నికల సంఘము ఉపసంహరించుకొనెను. ఈ వరుస చెప్పు పాఠమొక్కటి: తెలుగు ఓటరు ఇచ్చినది పుచ్చుకొనును, పుచ్చుకొన్నందుకు ఋణపడితినని అనుకొనడు. అది తన సొమ్మే యని యెరిగి, పాలనలోని తక్కిన సంగతులను కూడ లెక్కలోనికి తీసికొనును. ఆతనిని కొనవచ్చునన్న నమ్మకము, తరచుగ ఓడిన వారికే యెక్కువ నష్టము తెచ్చినది.

నియమావళిని కఠినముగ అమలుపరచుటలోను కష్టము లేకపోలేదు. 2024 మార్చి నెలాఖరున, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు వాలంటీర్లచే నగదు పంపిణీ చేయింపరాదని ఎన్నికల సంఘము ఆదేశించెను. వాలంటీర్లకు పాలకపక్షముతో గల సంబంధమును గూర్చిన ఫిర్యాదులను ఆలోచించినచో ఆ యాదేశము నిష్కారణమైనది గాదు. కాని అంతవరకు ఒకటవ తేదీ తెల్లవారకముందే ఇంటి గడపయొద్ద పింఛను అందుకొనుచుండిన వృద్ధులు ఏప్రిలు ఎండలలో సచివాలయములకు నడువవలసివచ్చెను. నడువలేని వికలాంగులకు, రోగులకు మాత్రమే ఇంటికి పంపు ఏర్పాటు మిగిలినది. మరుసటి నెల ఆ ధనమును బ్యాంకు ఖాతాలకు మార్చినప్పుడు బ్యాంకుల యెదుట వరుసలు పెరిగినవి. పాలకపక్షము, ప్రతిపక్షము దోషమును ఒకరిపై నొకరు త్రోసికొన్నవి. ఆ గ్రామములలో ప్రభుత్వపు చేయి ఏది, పక్షపు చేయి ఏది అని విడదీయలేనంతగ రెండును అల్లుకొనిపోయి యుండుటయే అసలు వ్యాధి; దానిని అయిదేండ్లు పెరుగనిచ్చి, ఆరు వారములలో కోసివేయబూనినప్పుడు నొప్పి పడినది ముసలివారు.

ఇంతవరకు చెప్పినవి తీపి నిర్ణయములు. ఎన్నికల యేట చేదు నిర్ణయము సైతము చేయవలసి వచ్చునని తెలియుటకు 1991వ సంవత్సరమును జ్ఞాపకము చేసికొందము. కాంగ్రెసు వెలుపలి నుండి ఇచ్చు మద్దతుతో నడచుచుండిన చంద్రశేఖర్ ప్రభుత్వము పూర్తి బడ్జెటు పెట్టలేకపోయినది. మార్చి 4వ తేదీన యశ్వంత్ సిన్హా మధ్యంతర బడ్జెటు సమర్పించిన రెండు దినములకే ఆ ప్రభుత్వము రాజీనామా చేసినది. కువైటు యుద్ధముతో చమురు ధరలు మండినవి. ప్రవాసులు తమ డిపాజిట్లను వాపసు తీసికొనుచుండిరి. విదేశీ మారకద్రవ్యము కొలది వారముల దిగుమతులకు మాత్రము చాలునంతగ తరిగిపోయినది. ఆపద్ధర్మముగ కొనసాగుచున్న ప్రభుత్వము, ఎన్నికల ప్రచారము ముమ్మరముగ నున్న మే మాసముననే, స్వాధీనపరచుకొన్న బంగారములో ఇరువది టన్నులను స్టేటు బ్యాంకు ద్వారా స్విట్జర్లాండుకు పంపి, తిరిగి కొనుటకు హక్కు నిలుపుకొని అమ్మెను. మన దేశమున గృహిణి మెడలోని బంగారము కుదువబెట్టుట యెంతటి అవమానముగ నెంచబడునో యెరిగిన ఏ రాజకీయవేత్తయు ఓట్ల నెలలో కోరి తలకెత్తుకొను పని గాదది. అప్పు ఎగవేసిన దేశమను అపకీర్తి అంతకంటె భయంకరము గనుక చేసెను.

ఆ నెలలోనే శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగినది. జూన్ 21వ తేదీన, ఆ ఎన్నికలలో పోటీయే చేయని మన పి.వి. నరసింహారావు ప్రధానిగ ప్రమాణస్వీకారము చేసెను. ఆయన ముందటివారి బంగారపు నిర్ణయమును ఎన్నికల కసితో తిరుగద్రోయలేదు. జులైలో రిజర్వు బ్యాంకు బంగారము దాదాపు నలుబదియేడు టన్నులు ఇంగ్లండు, జపాను బ్యాంకులయొద్ద కుదువ పడినది, రూపాయి విలువ రెండు దఫాలుగ తగ్గినది, 24వ తేదీన మన్మోహన్ సింగ్ బడ్జెటు వచ్చినది. ఒకరినొకరు ఓడింపగోరిన పక్షములు, ఒకరు విడిచిన పనిని ఒకరు అందుకొన్నవి. అంగీకారము లేకయే అప్పగింత జరిగినది. ముప్పదిమూడేండ్లకు, మరియొక ఎన్నికల యేట, 2024 ఫిబ్రవరిలో నరసింహారావుకు భారతరత్నను ప్రకటించినవారు ప్రత్యర్థి పక్షమువారు. ఆ ప్రకటనలో సైతము ఓట్ల లెక్క చూచినవారున్నారు. ఉండిన నుండవచ్చును, ఆయన చేసిన పని విలువ దానివలన తరుగదు.

ఈ వృత్తాంతము నుండి నాకు తోచిన ధర్మమిది. ఎన్నికల యేటి ప్రభుత్వము, రేపు ఈ పీఠమున కూర్చుండునది తన ప్రత్యర్థియే అయినను ఈ నిర్ణయమును ఇట్లే చేయుదునా అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. కౌలుగడువు తీరబోవు రైతు ఆఖరి యేట పొలమునకు పెంట తోలునా, తోలడా అనుటయే ఆతని శీలమునకు పరీక్ష. ప్రత్యర్థి చేతిలో పడబోవుననుకొన్న ఖజానాను సైతము నింపియుంచు నిర్ణయము మంచిది. తానే తిరిగి వచ్చినచో తనకే గుదిబండయగునని తెలిసియు, అప్పటి సంగతి అప్పుడు చూతమని చేయు నిర్ణయము చెడ్డది. 2024లో ఫిబ్రవరి బడ్జెటును, జులై 23నాటి పూర్తి బడ్జెటును సమర్పించినది ఒక్క మంత్రియే. నడుమ ఓటర్ల తీర్పు వచ్చి పాలకపక్షమునకు 240 స్థానములు మాత్రమే యిచ్చి, పదునారుగురు సభ్యుల తెలుగుదేశము వంటి మిత్రులపై ఆధారపడునట్లు చేసినది; రిజర్వు బ్యాంకు మిగులు రెండు లక్షల పదివేల కోట్లకు పైగా ఖజానాకు చేరినది. లోటు లక్ష్యము 4.9 శాతమునకు దిగినది; అమరావతికి పదునైదువేల కోట్ల యేర్పాటు ప్రత్యక్షమైనది. దీనిని రాజకీయ బేరమనినను అనవచ్చును. అయినను అది క్రొత్త తీర్పు పొందినవారు, అయిదేండ్లు జవాబు చెప్పుకొనవలసినవారు చేసిన నిర్ణయము. ఫిబ్రవరిలో ఓపిక పట్టినందువలననే జులైలో లెక్క తెలిసి వ్యయము చేయుటకు వీలు కలిగినది.

పాలకుల మనస్సాక్షిని నమ్మి ఊరకుండుడని నేను చెప్పుట లేదు. శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టినచో, దానివలన ఎంత వ్యయమగునో తెలుపు ఆర్థిక జ్ఞాపికను జతపరుపవలెనన్న నియమము కలదు. పథకము జీవో రూపమున వచ్చినచో ఆ బాధ లేదు. మన వరములలో పెక్కు ఆ ద్వారముననే వచ్చుచున్నవి. ఆస్ట్రేలియా దేశము 1998లో బడ్జెటు నిజాయితీని గూర్చి ఒక చట్టము చేసినది. దాని ప్రకారము ఎన్నికల ఉత్తర్వులు వెలువడిన పది దినములలోగా, ఖజానా శాఖ, ఆర్థికశాఖల కార్యదర్శులు దేశపు ఆదాయవ్యయములు, లోటు, రాబోవు సంవత్సరముల అంచనాలు తమ సంతకముతో ప్రజల ముందుంచవలెను. మంత్రుల సంతకము గాదు, అధికారుల సంతకమన్న సంగతి గమనింపదగినది. ఆ పత్రము ఏ పథకమును నిషేధింపదు. ఎవరి నోటికిని తాళము వేయదు. వాగ్దానము చేయువానికి ఎడమచేతి ప్రక్కన ఖజానా లెక్కను పెట్టి, ఇక చెప్పుమని అనును.

అట్టి పత్రము ఢిల్లీలోను, హైదరాబాదులోను, అమరావతిలోను వెలువడవలెనని నా విన్నపము. అది మన చేతికి వచ్చినచో, నెలకింత ఇత్తుమని చెప్పు ప్రతి పక్షమును మనము మూడు ప్రశ్నలు అడుగవచ్చును: ఈ ధనము ఏ పద్దు నుండి వచ్చును? దీని కొరకు ఏ పని ఆగును? వచ్చే అయిదేండ్లలో దీని భారము ఏటికేటికి ఎంతగ పెరుగును? ఎన్నికల సంఘము గీత గీయు తేదీ కంటె ఈ మూడు ప్రశ్నలకు పాలకులు ఎక్కువ భయపడుదురని నా నమ్మకము. ఏలయన తేదీకి ముందు రోజు ఉండును గాని, ప్రశ్నకు ముందు దాగుటకు చోటుండదు. మన ఓటరు తన తీర్పును స్వేచ్ఛగ చెప్పగలడని ఇదివరకే ఋజువు చేసియున్నాడు. లెక్క చూపుడని అడుగుట ఆతడు ఇంకను నేర్వవలసియున్నది. ఆ పాఠము నేర్చుకొనుటకు ఎన్నికల యేడు వచ్చువరకు ఆగనక్కరలేదు.